మాత్ర మింగకుండా నొప్పికి తలుపు!

నరాలకు ‘కరెంటు’ వైద్యం: ఎవరికి మేలు? ఎంతవరకు?

సోంపేట: పొద్దు వాలే వేళకు ఉద్దానం పల్లెల్లోని మందుల కొట్ల ముందు సందడి మొదలవుతుంది. కొబ్బరి చెట్లెక్కి దిగినవారు, జీడితోటల్లో వంగి పిక్కలు ఏరినవారు, మడిలో నడుం వంచి నాట్లు వేసినవారు, వల లాగి లాగి భుజాలు పట్టేసినవారు అక్కడ నిలబడతారు. చేతిలో పదో ఇరవయ్యో ఉంటాయి. అడిగేది ఒకటే, ఒళ్లు నొప్పుల మాత్ర. ఏ మాత్ర, ఎంత మోతాదు, ఎన్నాళ్లు అన్న ప్రశ్న అటు నుంచీ రాదు, ఇటు నుంచీ రాదు. మాత్ర పడితేనే మర్నాడు నడుం లేస్తుందని, నడుం లేస్తేనే కూలి దొరుకుతుందని వారి లెక్క.

ఆ లెక్క తప్పు కాదు. అయితే అందులో మూత్రపిండాలను కలపడం లేదు. తప్పంతా అక్కడే ఉంది.

నొప్పికి మాత్ర తప్ప వేరే దారి లేదా? పట్టణాల్లోని ఫిజియోథెరపీ కేంద్రాలకు వెళ్లివచ్చినవారు ‘కరెంటు పెట్టించుకున్నాం’ అంటుంటారు. కొందరు హాయిగా ఉందంటారు, కొందరు డబ్బులు దండగంటారు. ఇంతకీ ఆ కరెంటు ఏమిటి? అది నిజంగా నొప్పిని ఆపుతుందా? లేక మాయాజాలమా? ప్రపంచంలో ఎన్నో ఏళ్లుగా దీని మీద పరిశోధనలు జరుగుతున్నాయి. ఉద్దానం వంటి ప్రాంతానికి ఈ సంగతి తెలియడం ఎంతైనా అవసరం.

మాత్రకూ మూత్రపిండానికీ లంకె

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. దీనికి ఒకే మూలకారణం ఇదీ అని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. తాగే నీరు, మండుటెండలో చాకిరీ, ఒంట్లో నీరు ఇంకిపోవడం, పురుగు మందులు అనుమానితుల జాబితాలో ఉన్నాయి. ఒళ్లు నొప్పుల మాత్రలు కూడా ఆ జాబితాలో ఉన్నాయన్నది గమనించాలి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది ఈ వ్యాధి కోసమే.

డైక్లోఫినాక్, ఇబుప్రొఫెన్ వంటి మాత్రలు నొప్పిని, వాపును కలిగించే రసాయనాల తయారీని ఒంట్లో అడ్డుకుంటాయి. చిక్కేమిటంటే, మూత్రపిండాలకు రక్తం తెచ్చే నాళాలను విప్పి ఉంచేవి కూడా అలాంటి రసాయనాలే. రోజంతా ఎండలో చెమటోడ్చిన మనిషి ఒంట్లో అసలే నీరు తక్కువగా ఉంటుంది. ఆ పైన ఈ మాత్ర పడితే మూత్రపిండానికి అందే రక్తం మరింత తగ్గుతుంది. ఒకటి రెండు రోజులకు ఫరవాలేదు గానీ, నెలలు, ఏళ్లు మింగితే ముప్పే. అందుకే మూత్రపిండాలు దెబ్బతిన్నవారిని ఈ మాత్రలు ముట్టవద్దని వైద్యులు హెచ్చరిస్తారు. పారాసిటమాల్ కొంత నయమైనా, గట్టి నొప్పికి అది చాలదు.

మరి మాత్ర మానేస్తే నొప్పి మానుతుందా? మానదు. అప్పుడు చూపు పడేది అంతకంటే ఘాటైన మందుల మీద.

నల్లమందు జాతి మందులు

గసగసాల కాయ పాల నుంచి తీసే నల్లమందు మన పెద్దలకు తెలిసినదే. దాని నుంచి వచ్చిందే మార్ఫిన్. కొడీన్, ట్రమడాల్, టపెంటడాల్, ఫెంటనిల్ కూడా పనితీరులో ఆ కోవకు చెందినవే. మెదడులో, వెన్నుపాములో నొప్పి కబురును అందుకునే చోట్ల ఇవి తిష్ఠ వేసి ఆ కబురును అణచివేస్తాయి. శస్త్రచికిత్స జరిగిన రోజున, ఎముక విరిగిన రోజున వీటిని మించిన మందు లేదు.

అయితే రోజూ వాడితే శరీరం వీటికి అలవాటు పడుతుంది. నిన్నటి మోతాదు ఇవాళ చాలదు. మానేద్దామంటే వణుకు, చెమటలు, వాంతులు, నిద్రలేమి వేధిస్తాయి. మలబద్ధకం, మత్తు సరేసరి. మోతాదు మించితే ఊపిరే ఆగుతుంది. మూత్రపిండాలు పనిచేయని వారిలో మార్ఫిన్ విరిగి ఏర్పడే పదార్థాలు బయటకు పోక ఒంట్లోనే పేరుకుపోతాయి. అంటే మామూలు మనిషికి సరిపోయే మోతాదే వారికి ప్రమాదం కావచ్చు. దుర్వినియోగం పెరగడంతో కేంద్ర ప్రభుత్వం 2018లో ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చింది.

అగ్రరాజ్యానికి తగిలిన దెబ్బ

ఈ మందులను విచ్చలవిడిగా వాడితే ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. 1990 దశకం చివరి నుంచి అక్కడి వైద్యులు నడుం నొప్పికీ, కీళ్ల నొప్పికీ కూడా ఈ జాతి మాత్రలు ధారాళంగా రాశారు. అలవాటు పడినవారిలో ఎందరో తర్వాత హెరాయిన్‌కూ, దొంగచాటు ఫెంటనిల్‌కూ మళ్లారు. 2021 ఒక్క సంవత్సరంలోనే ఈ జాతి మందులు, మత్తుపదార్థాలు మోతాదు మించి అక్కడ 80 వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత సంఖ్య తగ్గుముఖం పట్టినా, కడుపుకోత మిగిలిన తల్లులు లక్షల్లో ఉన్నారు.

ఇంతా చేసి ఆ మాత్రలు దీర్ఘకాలపు నొప్పిని తగ్గించాయా అంటే అదీ లేదు. నడుం నొప్పి, మోకాలు, తుంటి కీళ్ల అరుగుదలతో బాధపడుతున్న 240 మందిని అమెరికా వైద్యులు ఏడాది పాటు పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. నల్లమందు జాతి మందులు వాడినవారు మామూలు మందులు వాడినవారి కంటే మెరుగ్గా ఏమీ లేరు. కొత్తగా వచ్చిన నడుం, మెడ నొప్పుల మీద ఆస్ట్రేలియాలో జరిపిన పరీక్ష ఫలితాలు 2023లో వెలువడ్డాయి. అక్కడా ఆరు వారాల తర్వాత చూస్తే అసలు మందుకూ, ఉత్తుత్తి మాత్రకూ తేడా కనపడలేదు.

ఈ అనుభవంతోనే మందు లేని మార్గాల మీద ఆసక్తి పెరిగింది. వాటిలో ముఖ్యమైనది నరాలకు స్వల్పంగా విద్యుత్తు అందించడం.

తిమిరి చేప చూపిన దారి

ఈ ఆలోచన కొత్తది కాదు. దాదాపు 2 వేల ఏళ్ల నాటిది. రోమ్ చక్రవర్తి క్లాడియస్ కాలంలో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు ఉండేవాడు. కాళ్ల వాతంతో బాధపడేవారిని తడి ఇసుక మీద, బతికి ఉన్న విద్యుత్ చేప మీద పాదం మోపి నిలబడమని ఆయన రాశాడు. మోకాలి వరకు తిమ్మిరెక్కే దాకా కదలకూడదట. తలనొప్పికి కూడా అదే చేపను తలకు తాకించమన్నాడు.

అలాంటి చేపలు మన తీరంలోనూ ఉన్నాయి. సముద్రపు అడుగున ఇసుకలో దాగి ఉండే ఈ చేపను తాకితే చెయ్యి జివ్వుమని మొద్దుబారుతుంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం తీరంలో సేకరించిన 200 చేపల బొమ్మలు, వివరాలతో వెలువరించిన గ్రంథం 1803లో అచ్చయింది. అందులో ఈ చేపకు స్థానికులు చెప్పిన పేరునే ఆయన రాసుకున్నాడు. ఆ పేరు ‘తిమిరి’. చేప చేసే పనినే మన జాలర్లు దానికి పేరుగా పెట్టారు.

తిమ్మిరి పుట్టిన చోట నొప్పి ఎందుకు తగ్గుతుందన్నది మాత్రం చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు.

వెన్నుపాములో ఒక తలుపు

కాలి బొటనవేలికి రాయి తగిలితే ఎవరైనా ముందు చేసే పని ఆ వేలిని గట్టిగా పట్టుకుని రుద్దడం. పసివాడు పడితే తల్లి ఆ చోట నిమురుతుంది. నడుం పట్టేస్తే ఇసుక మూటతో కాపడం పెడతారు. ఇవన్నీ ఎంతో కొంత ఉపశమనం ఇస్తాయని అందరికీ తెలుసు.

కారణాన్ని 1965లో ఇద్దరు శాస్త్రవేత్తలు వివరించారు. ఒకరు కెనడాకు చెందిన రొనాల్డ్ మెల్జాక్, మరొకరు బ్రిటన్‌కు చెందిన పాట్రిక్ వాల్. వారు చెప్పినదాని సారాంశం ఇది. ఒంట్లో నొప్పి కబురును మోసే నరాలు సన్ననివి. స్పర్శ, ఒత్తిడి, కంపనం వంటి కబుర్లు మోసే నరాలు లావుపాటివి. ఇవి రెండూ వెన్నుపాములో ఒకే చోటికి చేరతాయి. అక్కడ ఒక తలుపు వంటి ఏర్పాటు ఉంది. లావు నరాల నుంచి కబుర్లు జోరుగా వస్తుంటే ఆ తలుపు మూసుకుంటుంది. సన్న నరాల నొప్పి కబురు మెదడుకు పూర్తిగా చేరదు. ఇరుకు సందులో ఊరేగింపు వస్తే వెనక వచ్చే బండి ఆగిపోయినట్టే ఇది.

తర్వాతి పరిశోధనలు ఈ సిద్ధాంతంలోని వివరాలను కొంత సరిదిద్దాయి గానీ, వెన్నుపాములోనే నొప్పిని అదుపు చేయవచ్చన్న మూలసూత్రం నిలిచింది.

ఆ తర్వాత 1975లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కాస్టర్లిట్జ్ మరో విశేషం కనుగొన్నారు. నల్లమందు చేసే పనినే చేసే పదార్థాలను మన మెదడు తనంతట తానే తయారు చేసుకుంటుందట. నరాలకు తగిన తీరులో విద్యుత్తు అందిస్తే ఈ సొంత మందు కూడా విడుదలవుతుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. కొట్లో కొనే మందుకు బదులు ఒంట్లోని మందును పిలవడమన్నమాట.

చేతిలో ఇమిడే యంత్రం

ఫిజియోథెరపీ కేంద్రాల్లో వాడే యంత్రాలలో ముఖ్యమైనది ‘టెన్స్’. చిన్న రేడియో అంత ఉంటుంది, బ్యాటరీతో నడుస్తుంది. దాని తీగల చివర ఉండే జిగురు బిళ్లలను నొప్పి ఉన్న చోటికి అటూ ఇటూ చర్మం మీద అతికిస్తారు. మీట తిప్పగానే చీమలు పాకినట్టు జివజివమంటుంది. ఇంట్లో దీపాలు వెలిగించే 230 వోల్టుల కరెంటుకూ దీనికీ పోలికే లేదు. ఇది క్షణకాలం పాటు వచ్చిపోయే అతి స్వల్ప విద్యుత్తు మాత్రమే.

దీన్ని రెండు వేగాల్లో వాడతారు. సెకనుకు 80 నుంచి 100 సార్లు వచ్చే తట్టు మొదటిది. ఇది పెట్టినంతసేపూ జివజివమంటుంది. సెకనుకు రెండు నుంచి నాలుగు సార్లు వచ్చే తట్టు రెండవది. ఇందులో కండ చిన్నగా ఎగిరెగిరి పడుతుంది. ఇప్పటికే నల్లమందు జాతి మందులు చాలాకాలంగా వాడుతున్నవారికి ఈ రెండవ పద్ధతి అంతగా పనిచేయదనీ, మొదటిదే మేలనీ పరిశోధకులు చెబుతున్నారు. నెమ్మది తట్టు పిలిచే సొంత మందు చేరాల్సిన చోటికి, కొట్లో మందు ముందే అలవాటై ఉండడమే కారణం.

వాడేవారు తెలుసుకోవలసిన ముఖ్య విషయం ఒకటుంది. జివజివ తెలిసీ తెలియనంత మందంగా పెడితే ఉపయోగం ఉండదు. గట్టిగా తెలియాలి, కాని బాధించకూడదు. సాధారణంగా అరగంట నుంచి ముప్పావుగంట పెడతారు. యంత్రం తీసేశాక ఉపశమనం కొద్దిసేపే నిలుస్తుంది. కొందరికి కొన్ని గంటలు ఉంటుంది. ఆ వ్యవధిలో నడక, నడుం, మోకాలి వ్యాయామాలు చేయించడమే ఫిజియోథెరపిస్టుల అసలు ఉద్దేశం. కరెంటు పెట్టించుకుని ఇంటికి వచ్చి మంచం ఎక్కితే సగం ఫలితం పోయినట్టే. రోజూ ఒకే తీరుగా పెడితే శరీరం దీనికీ అలవాటు పడుతుంది కాబట్టి తీవ్రతను, వేగాన్ని మారుస్తుంటారు.

వెన్నులో తీగ

చర్మం మీది బిళ్లలతో లొంగని నరాల నొప్పులకు మరో పద్ధతి ఉంది. వెన్నుపాము వెనుక భాగంలో సన్నని తీగ ఉంచి, గుండెకు పెట్టే పేస్‌మేకర్ వంటి పరికరాన్ని చర్మం కింద అమరుస్తారు. 1967లో అమెరికా శస్త్రవైద్యుడు నార్మన్ షీలీ దీన్ని తొలిసారి ఒక కేన్సర్ రోగికి అమర్చారు. తీగ అమర్చడానికి తగినవారు ఎవరో ముందుగా తెలుసుకోవడానికి చర్మం మీద విద్యుత్తు పెట్టి చూసేవారు. కొందరికి ఆ పరీక్షతోనే ఉపశమనం కలిగింది. నేటి టెన్స్ యంత్రం అలా ప్రచారంలోకి వచ్చింది.

మధుమేహం వల్ల పాదాలు మంటలెత్తి, మందులకు లొంగని 216 మందిపై అమెరికాలో జరిపిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. తీగ అమర్చినవారిలో ఎక్కువమందికి నొప్పి సగానికి పైగా తగ్గింది. మందులతోనే సరిపెట్టుకున్నవారిలో అలా తగ్గింది బహు కొద్దిమందికే. అదే ఏడాది అక్కడి ప్రభుత్వ సంస్థ ఈ నొప్పికి దీన్ని అనుమతించింది. మన దేశంలోనూ హైదరాబాద్ వంటి నగరాల్లో ఈ చికిత్స ఉంది. కాని ఖర్చు లక్షల్లో మాట. కూలి చేసుకునేవారికి అందేది కాదు.

నాణేనికి రెండో వైపు

ఇంతవరకు విని కరెంటు ఉంటే మందులే అక్కరలేదనుకుంటే పొరపాటు. టెన్స్‌పై జరిగిన 381 పరీక్షలను కలిపి చూసిన సమీక్ష 2022లో వెలువడింది. పెట్టినప్పుడు, తీసిన వెంటనే నొప్పి తగ్గుతోందని, హాని బహు తక్కువని అందులో తేలింది. అయితే ఆ పరీక్షల్లో చాలావరకు కొద్దిమందిపై చేసినవే. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నడుం నొప్పికి 2016లో, కీళ్ల అరుగుదలకు 2022లో టెన్స్ ఇవ్వవద్దనే సూచించింది. మేలు ఉందనడానికి ఆధారాలు చాలవన్నది ఆ సంస్థ వాదన.

వెన్నులో తీగ సంగతీ అంతే. నడుం నొప్పికి దీని ప్రయోజనంపై 2023లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష పెదవి విరిచింది. నార్వేలో 50 మందిపై జరిపి 2022లో ప్రకటించిన పరీక్షలో పరికరం పనిచేస్తున్నప్పుడూ, రోగికి తెలియకుండా ఆపి ఉంచినప్పుడూ ఫలితంలో తేడా లేదు. మధుమేహపు పాదాల మంటకు పనికొచ్చినది నడుం నొప్పికి పనికిరాకపోవచ్చునని దీన్నిబట్టి అర్థమవుతోంది. నొప్పులన్నీ ఒక్కటి కావు. ఏ నొప్పికి ఏ చికిత్స అన్నది వైద్యుడు తేల్చవలసిందే.

అయినా టెన్స్‌కు ఒక సౌలభ్యం ఉంది. ఒకటి రెండు వారాలు వాడి చూసి, గుణం కనపడితే కొనసాగించవచ్చు, లేకపోతే మానేయవచ్చు. మూత్రపిండాల మీద భారం పడదు, అలవాటై పీడించదు. మాత్రలు వాడకూడని రోగికి ఆ మాత్రం వెసులుబాటు కూడా చిన్నది కాదు.

వీరు వాడరాదు

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు వైద్యుడి అనుమతి లేకుండా ఈ యంత్రం జోలికి పోరాదు. గర్భిణులు, మూర్ఛ వ్యాధి ఉన్నవారు కూడా ముందుగా వైద్యుణ్ణి అడగాలి. గొంతు ముందు భాగంలో, కళ్ల మీద, తలకు అడ్డంగా, ఛాతీకి అడ్డంగా, పుండ్ల మీద, కేన్సర్ గడ్డ ఉన్న చోట బిళ్లలు అతికించకూడదు. స్పర్శ పోయిన చోట పెడితే తీవ్రత తెలియక చర్మం కమిలిపోవచ్చు. మధుమేహులు ఈ విషయం గుర్తుంచుకోవాలి. డయాలసిస్ చేయించుకునేవారు తమ వైద్యుణ్ణి సంప్రదించాకే వాడాలి.

ఛాతీలో నొప్పి వచ్చినా, నడుం నొప్పితో పాటు కాళ్లు చచ్చుబడినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, జ్వరం ఉన్నా, బరువు తగ్గుతున్నా అది కరెంటు పెట్టించుకునే సమయం కాదు. వెంటనే ఆసుపత్రికి చేరాలి. నొప్పి కొన్నిసార్లు కాపలా కుక్క వంటిది. దాని నోరు నొక్కే ముందు అది ఎందుకు మొరుగుతోందో చూడాలి.

మార్ఫిన్ అంటే భయం తగదు

ఇక్కడ ఒక అపోహను కూడా తొలగించాలి. నల్లమందు జాతి మందుల కీడు విని, కేన్సర్ రోగికి వైద్యుడు రాసిన మార్ఫిన్‌ను ఇంటివారే ఆపేస్తుంటారు. అది రోగికి అన్యాయం చేయడమే. ముదిరిన కేన్సర్ నొప్పిని ఏ జిగురు బిళ్లా పూర్తిగా ఆపలేదు. అక్కడ మార్ఫిన్ మందే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం నిబంధనల వల్ల ఆసుపత్రులకు అది దొరకడం కష్టమైతే, 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది రోగులకు అందాలనే. వైద్యుల పర్యవేక్షణలో, తగిన మోతాదులో ఇస్తే ప్రశాంతంగా నిద్రపోయే హక్కు ఆ రోగికి ఉంది. వద్దనవలసింది అవసరమైన చోట మార్ఫిన్‌ను కాదు, నడుం నొప్పికి నెలల తరబడి మింగే మత్తు మాత్రలను.

కావలసింది ఏమిటి?

బ్యాటరీతో నడిచే చిన్న టెన్స్ యంత్రం వెయ్యి, రెండు వేల రూపాయల నుంచి దొరుకుతోంది. అయితే ఎవరికి వారు కొని తోచినట్టు అతికించుకోవడం మంచిది కాదు. ఎక్కడ పెట్టాలో, ఎంతసేపు పెట్టాలో, ఏ వ్యాయామం చేయాలో ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకోవాలి. పట్నం వెళ్లి రోజూ కరెంటు పెట్టించుకోవాలంటే కూలివారికి బస్సు ఛార్జీలతో పాటు ఆ రోజు కూలీ పోతుంది. అందుకే ఉద్దానం మండలాల సామాజిక ఆరోగ్య కేంద్రాలన్నిటిలోనూ ఫిజియోథెరపిస్టు, నాలుగైదు యంత్రాలు అందుబాటులో ఉంచాలి. పని దిగి వచ్చేవారికి వీలుగా సాయంత్రం వేళ కూడా సేవలు అందించాలి.

డైక్లోఫినాక్ వంటి మాత్రలు వైద్యుడి చీటీ మీదే అమ్మాలని చట్టం చెబుతోంది. దాన్ని అమలు చేయవలసిన బాధ్యత అధికారులది. అయితే మాత్ర ఆపి చేతులు దులుపుకుంటే చాలదు. నొప్పితో వచ్చిన మనిషికి మరో దారి చూపాలి. ఎండలో పనిచేసేవారికి తాగునీరు, మధ్యమధ్య విశ్రాంతి, నడుం నొప్పికి వ్యాయామం, అవసరమైన చోట ఈ చిన్న యంత్రం కలిస్తే రోజుకో మాత్ర చొప్పున మింగే అవసరం చాలామందికి తగ్గుతుంది.

మందుల కొట్టు ముందు నిలబడిన కూలి మనిషికి రేపటి పని ముఖ్యం. పదేళ్ల తర్వాత డయాలసిస్ మంచం ఎక్కకుండా ఉండడం అంతకంటే ముఖ్యం. ఈ రెండూ సాధ్యమయ్యే ఏర్పాటు ఆ ఊళ్లోనే జరగాలి.